రాటలు నిలిచినంత కాలం

వానలు వెనకపట్టాక దక్షిణాది పడవలు రంగూన్‌లోని చిమిండైంగ్ రేవుకు రావడం మొదలవుతుంది. బెత్తాలూ గుగ్గిలమూ ఏలకులూ తెచ్చే ఊలే కూడా అప్పుడే వస్తాడు. ఊలే అంటే బర్మా వాళ్ళ మాటల్లో చిన్నాన్న. వయసు మళ్ళిన వ్యాపారులందరినీ అలాగే పిలుస్తాం కనుక అతని అసలు పేరు అడిగే అవసరం నాకు రాలేదు. మొన్న బజారులో నన్ను చూడగానే భుజం మీది బెత్తాల కట్ట దించి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది చూసే సగం అర్థమైంది.

"మీ ముసలాయన పోయాడు. వానల్లోనే" అన్నాడు.

ఇంటికొచ్చి ఆయన ముఖం తలుచుకుందామని కూర్చుంటే ముఖం రాలేదు. పాదాలు వచ్చాయి. ఏ గడప ముందైనా సరే ఆగి, గోడకి చెయ్యి ఆనించి, ఒక్కొక్క పాదమూ ఎత్తి వేళ్ళ సందుల్లో చూపుడువేలు పోనిచ్చి చూసుకునేవాడు. జలగలు పట్టాయేమోనని. నడివేసవిలో అహ్లోన్ నేల బీటలు వారి ఉన్నప్పుడు కూడా అంతే.

"ఏటి మావా, నేల పగిలిపోతంటే జెలగలెక్కడివి?" అని మా మేస్త్రి నవ్వేవాడు.

"పగిలిందని నేలకి తెలుసు బాబూ. నా కాలికి తెల్దు" అనేవాడాయన.

అహ్లోన్‌లో నది ఒడ్డున ఉన్న కలప అడితీలో దుంగలు కొలిచే పని నాది. తాడుతో చుట్టుకొలత, గజంబద్దతో పొడవు తీసి ఘనం కట్టి చెప్పాలి. ఇది నాకు బడిలో వచ్చిన విద్య కాదు. పక్కనున్న బియ్యం మిల్లులో బస్తాలు మోసిన రోజుల్లో ఎక్కాలు నోటికి పట్టాను. తక్కినది వాళ్ళనీ వీళ్ళనీ అడిగి నేర్చుకున్నాను. సరిచూడని మాట రాయకూడదన్నది నాకు పట్టుబడిన అలవాటు. అయితే ఇక్కడ రాసే ఆయన ఊరిని నేను కంటితో చూడలేదు. ఆయన చెప్పిందే నాకు ఆధారం.

ఆయన మా అడితీ కాపలాదారు. పెద్ద యుద్ధం ముగిసిన కొత్తల్లో, కుడిపాదం లోపలికి తిరిగిపోయిన మనిషి గేటు దగ్గరికొచ్చి పని అడిగాడు. పుట్టింది చికాకోలు దగ్గర సముద్రపొడ్డున, ఉప్పుమళ్ళ ఊళ్ళో. మా కూలీ లైన్లలో ఉన్న వాళ్ళందరిదీ ఇంచుమించు ఆ పక్కే. సాయంత్రం పని దిగి నది ఒడ్డున కూర్చుంటే అందరి నోటా "మనూరు" అనే మాటే. మనూళ్ళో ఈపాటికి వంగ కాపుకొచ్చుంటాది, మనూళ్ళో ఈపాటికి జాతర. అందరి చేతులూ నది సముద్రంలో కలిసే వైపు చూపించేవి. ఆయన కూడా "మా ఊరు" అనేవాడు. చెయ్యి మాత్రం తెనాసెరిం కొండల వైపు లేచేది.

"అది నీ ఊరేటి మావా? అక్కడ నిన్ను కన్నోలెవులు?" అని మేస్త్రి పొడిచేవాడు.

"కనడం ఒక్కరోజు పనిరా. జొరంతో పడున్నోడికి నెలంతా గంజి పోసినారు ఆళ్ళు. మరి ఏది పెద్దది?"

తవాయ్ పక్కన తగరపు గనుల్లో పనికని వెళ్ళి, అక్కడ నిలవలేక అడవిలో పడ్డాడట. నెత్తిమీద ఒక బుట్ట, బుట్టలో ఉప్పు. కొండల్లో ఉప్పుకి గిరాకీ అని ఎవరో చెబితే అదొక్కటే మూటగట్టుకున్నాడు. కరెన్ అనే కొండజాతి వాళ్ళ చిన్న ఊరు ఒకటి తగిలేసరికి జ్వరం ముంచుకొచ్చింది. వాళ్ళు ఆయన్ని ఒక ఇంటి అరుగు మీదికి ఎక్కించారు. మళ్ళీ కిందికి దిగేసరికి ఆయనకి వాళ్ళ మాట సగం వచ్చేసింది. అక్కడే ఉండిపోయాడు. అక్కడి పిల్లనే చేసుకున్నాడు. ఆవిడ ఒక వానకాలంలో పోయింది. ఆమె గురించి అంతకు మించి ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఊరి గురించి మాత్రం అడగకుండానే చెప్పేవాడు. మూడు పక్కలా వాగు, నాలుగో పక్క కొండ. చెట్లు ఎంత పొడుగంటే సూర్యుడు ఊళ్ళో దిగేసరికి జనం సగం పని ముగించేవారట. వాన ఏడాదిలో సగానికి పైగా. ఉతికిన గుడ్డ ఆరుబయట ఆరడం ఆ ఊరికి తెలియదు. పొయ్యి మీద దండెం కట్టి ఆరేస్తారు, అందుకని ఊరందరికీ ఒకటే పొగ వాసన. "సీకట్లో ఎవులొచ్చినా మనోడేనని తెలిసిపోతాది" అనేవాడు. తెల్లవారుతూనే కొండ మీద కోతులు పాడతాయట. కోతులు కిచకిచలాడడం విన్నాను కానీ పాడడం ఏమిటంటే, తలెత్తి, గొంతు సాగదీసి, సన్నగా మొదలుపెట్టి పైకి పోనిచ్చి చూపించాడు. మిల్లు కూలీలు పని ఆపి చూశారు. వెదురు చీల్చి వేసిన దోనెలో కొండ నీళ్ళు ప్రతి ఇంటి ముందుకీ వస్తాయి. పోకచెట్లు, అడవిచెట్లకి అల్లుకున్న తమలపాకు తీగలు. పండిన దూరియాన్, పనసలాంటి ముళ్ళకాయ, కప్పు మీద పడితే ఇల్లంతా లేచి కూర్చుని నవ్వుకోవడం.

అన్నిటికన్నా ఎక్కువగా ఆయన చెప్పింది దుమ్ము లేకపోవడం గురించి. మా అహ్లోన్‌లో ఊకపొగ, తవుడు దుమ్ము లేని గాలి ఉండదు. అన్నం మీద కూడా సన్నటి పొర పడుతుంది. ఆయన కంచం మీద అరిటాకు కప్పుకుని, ఓ పక్క ఎత్తి ముద్ద తీసుకుని మళ్ళీ కప్పేవాడు. "మా ఊళ్ళో దుమ్మన్న మాటే లేదు బాబూ. ఆళ్ళకి దానికి పేరుందో లేదో కూడా తెల్దు" అని ఆ ఆకు కింద నుంచే చెప్పేవాడు.

దూరాలు చెప్పమంటే మాత్రం నాకు చిరాకు తెప్పించేవాడు. పడవ దిగే చోటి నుంచి ఊరెంత దూరమంటే "ఓ పది తాంబూలాలు" అనేవాడు. ఒకసారి వేసుకున్న ఆకూవక్కా నమిలి ఊసేదాకా నడిచినంత దూరం ఒక తాంబూలం. దాన్ని మైళ్ళలోకి మారుద్దామని ఓ ఆదివారం ఆయన నోట్లో తాంబూలం పెట్టించి నది కట్ట మీద వెంట నడిచాను. ఆయన ఎదురైన ప్రతి మనిషితోనూ ఆగి మాట్లాడాడు. చిమిండైంగ్ దాకా వచ్చేశాం, తాంబూలం ఇంకా బుగ్గలోనే ఉంది.

"ఇది లెక్కకి రాదు మావా" అన్నాను.

"ఎందుకు రాదు? మడిసి మడిసినీ పలకరిత్తే దూరం పెరగదేటి?"

ఇళ్ళ లెక్క దగ్గర కూడా గొడవే. ఒకరోజు ఊళ్ళో పద్నాలుగు ఇళ్ళన్నాడు, ఇంకోరోజు పదిహేడన్నాడు. నేను పట్టుకున్నాను. ఆయన ఓపికగా వేళ్ళు మడిచి చెప్పాడు. మనుషులున్న ఇళ్ళు పద్నాలుగు. తక్కిన మూడూ రాటల ఇళ్ళు. ఆ ఊళ్ళో ఎవరైనా ఇల్లు విడిచి వెళితే కప్పు ఆకులూ, రాటల మీద పరిచిన తట్టు వెదుళ్ళూ కావలసినవాళ్ళు పట్టుకుపోవచ్చు. నేలలో పాతిన రాటల్ని మాత్రం ముట్టరు. అవి నిలిచి ఉన్నంతకాలం ఆ జాగా వెళ్ళినవాళ్ళదే. వాటంతట అవి ఒరిగిపోయాకే ఇంకొకరు అక్కడ పొయ్యి పెట్టాలి.

"మరి మనుషుల్లేని ఇళ్ళు ఊరి లెక్కలో ఎలా చేరతాయి?"

"ఎల్లినోడు ఊరోడు కాడేటి?" అని నన్నే వింతగా చూశాడు.

ఆ మూడింటిలో ఒకటి ఆయనదే. పాదం మీద చెట్టు పడ్డప్పుడు ఊరివాళ్ళు ఆయన్ని మోసుకొచ్చి పడవెక్కించారు. పడవ నుంచి స్టీమరు, స్టీమరు నుంచి రంగూన్ పెద్దాసుపత్రి. ఎముక అతుక్కుంది కానీ వంకరగా అతుక్కుంది. కొండ ఎక్కడం ఇక మరిచిపొమ్మన్నారు. పడవ దగ్గర ఊరి పెద్ద ఆయన చెవిలో చెప్పిన మాట ఒకటే: రాటలు పడిపోకముందే వచ్చెయ్.

ఆ రాటల్లోనే ఉంది చిక్కంతా. ఇల్లు కట్టుకునేటప్పుడు ఆయన మన ఉప్పుమళ్ళ ఊరి పద్ధతి వాడాడు. చెద పట్టకుండా ప్రతి గోతిలోనూ ఉప్పు పోసి, దాని మీద రాట పాతాడు. కొండల్లో బంగారంలా చూసుకునే ఉప్పు! ఊరివాళ్ళు నోళ్ళు తెరుచుకుని చూశారట. చెద రాలేదు. దుప్పులు వచ్చాయి. అడవిలో ఉప్పు వాసన తగిలితే అవి ఎంత దూరమైనా వస్తాయని మన సముద్రపొడ్డు మనిషికి ఏం తెలుసు? అవి మొదళ్ళు నాకాయి, కాళ్ళతో తవ్వాయి. వాటి వెనక ముళ్ళపందులు వచ్చి కొయ్యే కొరికాయి. ఆ యేడు ఊరందరూ ఆయన అరుగు మీద కూర్చునే వేట ఆడారు. ఆయనకి ఉప్పాయన అని పేరు స్థిరపడిపోయింది.

ఇది చెప్పి ఆయన కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వేవాడు. నవ్వు ఆగాక మాత్రం "ఈపాటికి నా ఇల్లు దుప్పులు నాకీసుంటాయి" అనేవాడు. మేస్త్రికి అదో ఆట అయిపోయింది. పొద్దున్నే గేట్లోకి వస్తూ "ఏటి మావా, ఇంకెన్ని మిగిలినాయి?" అని అరిచేవాడు. ఆయన కూడా మొదట్లో నవ్వాడు. వానలు గడిచిన కొద్దీ ఆ పిలుపుకి తల తిప్పడం మానేశాడు.

ఊలే నాకు తగిలింది అప్పుడే. కుర్చీకి బెత్తం కొందామని చిమిండైంగ్ వెళితే, తాను ఏటా ఒకసారి ఉప్పూ ఎండుచేపా తీసుకుని ఆ వాగు మీదుగా పైకి పోతానని మాటల్లో అన్నాడు. వాగు పేరు నేను వందసార్లు విన్నదే. వంకరపాదం మనిషి గురించి అడిగాను. "ఉప్పాయనా?" అని పెద్దగా నవ్వాడు. మర్నాడే అతన్ని అడితీకి తీసుకొచ్చాను.

వాళ్ళిద్దరూ బర్మా మాటల్లో మాట్లాడుకున్నారు. మావ మొదట వాగు మీది వంతెన సంగతి అడిగాడు. తర్వాత ముసలాళ్ళలో ఎవరెవరు ఉన్నారో అడిగాడు. అన్నీ అయ్యాక, వేరే ఏదో చూస్తున్నవాడిలా మొహం తిప్పుకుని, తన రాటల మాట అడిగాడు.

"నిలిచే ఉన్నాయి. తొమ్మిదీ" అన్నాడు ఊలే.

మావ తొడ చరిచాడు. "ఇన్నావా లెక్కలోడా! దుప్పులు ఓడిపోనాయి!"

నేను సంతోషించి ఊరుకోవలసింది. కానీ కొయ్యతో పని చేసేవాణ్ణి. అవి ఏ కొయ్య అని అడిగాను. ఒక్కడూ ఈడ్చుకు రావడానికి వీలుగా వాగు ఒడ్డున దొరికిన తేలికపాటి కొయ్య అని చెప్పాడు. ఆ రకం మా అడితీలో పెట్టెల చెక్కకి కూడా తీసుకోరు. తడినేలలో రెండు వానకాలాలు ఓర్చుకుంటే ఎక్కువ. ఆయన రంగూన్ వచ్చి ఏడు వానకాలాలు దాటాయి. పైగా ముళ్ళపందులు.

"అవి నీ రాటలు కాలేవు మావా" అన్నాను.

"అయితే ఎవులో ఇల్లు కట్టీసినారు. నా జాగా పోనాది." ఊలే వైపు తిరిగి చొక్కా పట్టుకున్నంత పని చేశాడు. "ఎవరు కట్టారు? ఎవరున్నారు నా ఇంట్లో?"

"ఎవరూ లేరు. ఇల్లెక్కడిది? కప్పు లేదు, తట్టు లేదు. రాటలే" అన్నాడు ఊలే.

"ఎవరి రాటలు?"

ఊలే గడ్డం గోక్కున్నాడు. చెప్పకూడని మాట కాదు కానీ చెప్పుకునేంత మాట కూడా కాదన్నట్టు చెప్పాడు. వానలు ఆగాక ఊరంతా ఒకరోజు పని వేసుకుంటుంది. వంతెన కొత్తగా కడతారు, దారి నరుకుతారు, నీళ్ళ దోనెలు మారుస్తారు. ఈయన వెళ్ళిన మొదటి యేడు ఒక రాట ఒరిగి ఉంది. వంతెనకి తెచ్చిన దుంగ ఒకటి మిగిలింది. తెచ్చి పాతేశారు. మరుసటి యేడు ఇంకోటి ఒరిగింది. అప్పట్నుంచి దుంగ మిగిలినా మిగలకపోయినా, వంతెన కట్టే రోజున ఈయన రాటలు కూడా చూస్తారు, వరస వచ్చినదాన్ని మారుస్తారు. మధ్యలో గడ్డి కోస్తారు, పాములు చేరకుండా.

"మిగతా రెండు ఇళ్ళవీ?" అని నేను అడిగాను.

"అవి ఎప్పుడో పడిపోయాయి. వాళ్ళు చడీ చప్పుడూ లేకుండా పోయారు. ఈయన్ని మోసుకుపోతుంటే, వంతెన సరిగ్గా కట్టలేదని దారి పొడుగునా ఊరివాళ్ళని తిట్టాడట. అంత తిట్టినవాడు తిరిగి రాకుండా ఉంటాడా అని ఆ ఊరివాళ్ళ ధీమా."

"మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాడు మావ.

"నిలిచి ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయన్నాను."

రెండు రోజులు గడిచాయి. సరిగ్గా అప్పుడే మేస్త్రి, ఊరికి మళ్ళే కూలీల జట్టుతో ఆయన్ని కూడా ఓడెక్కించే ఏర్పాటు చేశాడు. వేళాకోళం ఆడినా చెడ్డవాడు కాదు. "మావా, అంతా మాటాడీసినాను. మనూరు పోయి, తమ్ముడి పిల్లల దగ్గిర సుకంగా సావు" అన్నాడు.

"సావడానికి అంత సముద్రం దాటాలేటి?" అన్నాడు మావ. కానీ ఆ జవాబులో ఎప్పటి ఊపు లేదు.

సాయంత్రం దుంగల మీద నా పక్కన కూర్చున్నాడు. నేల మీద ఆయన ఎప్పుడూ కూర్చోడు.

"వంతెనంటే అందరూ దాటుతారు బాబూ. నా రాటలెవులు దాటుతారు? ఏడాదికేడాదీ నన్ను ఊరికే మోస్తన్నారు ఆళ్ళు. నానెల్లి ఉండాల, నేపోతే వొద్దని కబురెట్టాల. ఊలే ఎల్లుండి పడవెక్కుతాడు. వొద్దని సెప్పమందారంటే నోరు రాట్లేదు."

నేను నాకు తెలిసిన విధంగానే సాయం చేయబోయాను. పాదం సంగతి, కొండదారి సంగతి, వానలు దగ్గర పడడం, కప్పు లేని ఇల్లు, ఆయన వయసు, అన్నీ ఒక పక్క వేసి చూపించాను. రెండో పక్క వెయ్యడానికి నాకేమీ కనబడలేదు. ఆయన అంతా విన్నాడు.

"నీ లెక్క తప్పనడం లేదు" అన్నాడు. "అందులో ఆళ్ళని ఎక్కడేసినావు?"

నేను వెయ్యలేదు.

మూడోనాడు చిమిండైంగ్ రేవులో ఆయన్ని ఊలేతో పడవ ఎక్కించాం. మేస్త్రి కూడా వచ్చి, ఒక చుట్టల కట్ట చేతిలో పెట్టి, "ముసిలి గాడిదా" అని ముక్కు చీదుకున్నాడు. పడవ కదులుతుండగా మావ ఎండుచేపల బస్తాల మీద కూర్చుని ఎదురెండలో కళ్ళు చిట్లించి మా వైపు చూశాడు. చెయ్యి ఊపలేదు. పడవవాడు తాడు సరిగ్గా చుట్టలేదని ఏదో తిట్టడం మాత్రం వినపడింది.

తర్వాత ఒక వానకాలం గడిచింది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే నాకు ఆ ఊరు కనిపించేది. నా సొంత ఊరు విడిచి చాలా కాలమైంది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నప్పుడు నా వాటా సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ రాయలేదు. కళ్ళు మూసుకుంటే ఆ ఇంటి గడప నాకు రాదు. వాగూ, వెదురు దోనెలో నీళ్ళ చప్పుడూ, పొయ్యి మీద ఆరే గుడ్డల వాసనా వస్తాయి. చూడని చోటి మీద ఇంత బెంగ ఏమిటని నన్ను నేనే కసురుకుంటాను. వాన ఆగినప్పుడు ఊకపొగ మళ్ళీ దిగుతుంది, నేను దుంగల దగ్గరికి వెళ్తాను.

మొన్న బజారులో, పోయాడన్న మాట చెప్పాక, ఊలేని టీ దుకాణంలో కూర్చోబెట్టి అన్నీ అడిగాను.

కొండ మొదలు దాకా ఆయన నడిచాడట. అక్కడ పాదం మొండికేసింది. పైనుంచి మనుషులు దిగివచ్చి, బరువులు మోసే పేము బుట్టలో కూర్చోబెట్టి వీపున కట్టుకుని ఎక్కించారు. బుట్ట అల్లిక బాగా లేదని దారంతా తిట్టాడు. వాళ్ళు మహా సంతోషించారు. ఊరు చేరిన మర్నాడే కప్పు వేశారు, తట్టు పరిచారు, పొయ్యి పెట్టారు. మొదటి వానకి ఆయన అరుగు అంచున కూర్చుని చేతులు బయటికి చాపి చాలాసేపు తడిపాడట. ఆ వానలు ముగిసేలోపల, ఒక తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. భార్య పక్కనే పెట్టారు.

"ఇల్లు?" అన్నాను.

"కప్పు ఆకులు పక్కింటివాళ్ళు తీసుకున్నారు. తట్టు ఇంకెవరో."

నేను తల ఊపాను. ఆచారం ప్రకారం అంతే కదా. రాటలు కూడా ఇక ఒరిగిపోతాయి, జాగా ఇంకొకరిది అవుతుంది అనుకున్నాను. ఏ కొయ్యో తెలిస్తే ఎన్నాళ్ళో నేను చెప్పగలను.

"వంతెన కట్టే రోజు అయిందా ఈ యేడు?"

"నేను బయలుదేరే ముందే అయింది. ఆయనది ఒక రాట కూడా మార్చారు."

"మనిషి పోయాడు కదా, ఇంకెందుకు?"

ఊలే టీ పీల్చడం ఆపి, నేను లెక్క మరిచిపోయినట్టు నా వైపు చూశాడు.

"ఈ యేడు తూర్పు మూలదాని వరస" అన్నాడు.